క్యాప్సూల్ లోపల గాలి ఉంటుంది కదా, మరి సూట్ ఎందుకు?

నింగిచూపు అడిగారు:
వ్యోమగాముల్ని తీసుకెళ్లే రష్యా నౌక సోయుజ్ ప్రయోగాల వీడియోలు వరసగా చూస్తున్నాను. ఒక సంగతి అర్థం కావడం లేదు. వాళ్లు కూర్చునే క్యాప్సూల్ లోపల మనం పీల్చే గాలే ఉంటుంది. అంతరిక్ష కేంద్రం (స్టేషన్) చేరాక అందరూ టీషర్టుల్లోనే తిరుగుతారు. అలాంటప్పుడు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రం అంత బరువైన సూట్ ఎందుకు? రాకెట్ దగ్గరికి నడిచేటప్పుడు నడుం వంగిపోయినట్టు నడుస్తారు, అదెందుకు? చేతిలో చిన్న పెట్టె కూడా ఉంటుంది. ఆక్సిజనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాతకక్ష్య:
ముందు పెట్టె సంగతి. అందులో ఉండేది ఆక్సిజన్ కాదండీ, గాలి ఆడించే ఫ్యాను. సూట్‌లోకి బయటి గాలి చొరబడదు కాబట్టి వేసుకున్న కాసేపటికే ఉక్కపోత మొదలవుతుంది. సీట్లో కూర్చుని క్యాప్సూల్ గొట్టాలు తగిలించుకునేదాకా ఆ పెట్టే ఆధారం.

సూట్ ఎందుకో తెలియాలంటే సోయుజ్-11 గురించి చెప్పుకోవాలి. 1971 జూన్ 30న దోబ్రొవోల్స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ అనే సోవియట్ వ్యోమగాములు అందులో తిరిగొస్తున్నారు. మొట్టమొదటి అంతరిక్ష కేంద్రం సల్యూత్-1లో మూడు వారాలకు పైగా ఉండి వస్తున్నవాళ్లు. కిందికి దిగే ముందు సోయుజ్ భాగాలు విడిపోవాలి. వాటిని విడదీసే పేలుడు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి పేలాల్సింది, అన్నీ ఒక్కసారే పేలాయి. ఆ కుదుపుకి ఒక చిన్న వాల్వ్ ఊడి తెరుచుకుంది. నేలకి దగ్గరపడ్డాక బయటి గాలిని లోపలికి వదలడానికి పెట్టిన వాల్వ్ అది. తెరుచుకున్నది మాత్రం సుమారు 168 కిలోమీటర్ల ఎత్తులో.

చేత్తో తిప్పి మూసెయ్యొచ్చు, కానీ దానికి నిమిషం దాకా పడుతుంది. గాలి పోతుంటే మనిషికి స్పృహ ఉండేది పావు నిమిషం. మూయడానికి పెనుగులాడిన ఆనవాళ్లు దొరికాయి. పారాషూట్ మామూలుగానే విచ్చుకుంది, క్యాప్సూల్ సరిగ్గానే నేలకి దిగింది. పరుగున వెళ్లి హాచ్ తెరిచినవాళ్లకి ముగ్గురూ సీట్లలోనే కనిపించారు, ప్రాణం లేకుండా. ఎన్నిసార్లు చదివినా ఇక్కడికి వచ్చేసరికి గుండె బరువెక్కుతుంది.

క్యాప్సూల్ గాలి పోయినా ప్రాణం నిలిపేది సూటే, ఆ రోజు ఒక్కరికీ అది లేదు. ముగ్గురు పట్టాలంటే సూట్లకి చోటు చాలదు, అంతే కారణం. 1964లో అంతకుముందు సోవియట్ నౌక వోస్ఖోద్-1 ఎక్కిన ముగ్గురూ అలాగే వెళ్లారు. సోయుజ్-11 తర్వాత ఒక సీటు తీసేశారు. 1973లో సోయుజ్-12 ఇద్దరితోనే ఎగిరింది, ఇద్దరికీ సూట్లు. మళ్లీ ముగ్గురు కూర్చోవడానికి 1980 దాకా ఆగాల్సి వచ్చింది. మనిషిని తగ్గించుకున్నారు గానీ సూట్ విషయంలో రాజీపడలేదు. నా దృష్టిలో సోయుజ్ చరిత్రలో అంతకంటే మంచి నిర్ణయం లేదు.

కుట్టుపని:
నడుం వంగడం గురించి నేను చెప్తాను. ఆ సూట్ పేరు సోకోల్, బరువు సుమారు 10 కిలోలు. సీట్లో వెల్లకిలా, మోకాళ్లు పైకి ముడుచుకుని ఉండే భంగిమకి తగ్గట్టు కుడతారు. నిలబడితే ముందుకి లాగేస్తుంది, అందుకే ఆ నడక.

వేసుకునే పద్ధతి ఇంకా బాగుంటుంది. పొట్ట దగ్గరున్న తెరుపులోంచి లోపలికి దూరతారు. తర్వాత లోపలి రబ్బరు పొర అంచులన్నీ దగ్గరికి లాగి, మూటలా మెలిపెట్టి, రబ్బరు బ్యాండ్లు బిగిస్తారు. గాలి బయటికి పోకుండా ఆపేది ఆ ముడే! దాని మీద జిప్పులు వేసేస్తారు కాబట్టి మనకి కనిపించదు. ఈ సూట్‌తో స్పేస్‌వాక్ మాత్రం చేయలేరు.

నింగిచూపు:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. సోయుజ్-11 గురించి ఇంత వివరంగా నాకు తెలియదు. అమెరికా క్యాప్సూల్ డ్రాగన్‌లో వేసుకునే తెల్ల సూట్లు కూడా ఇందుకేనా?

పాతకక్ష్య:
ఇందుకే. అక్కడ తొడ దగ్గర ఒక్క గొట్టం తగిలిస్తే గాలి, మాటలు అన్నీ దాంట్లోంచే. అమెరికా పాత అంతరిక్ష నౌక షటిల్‌లో అయితే మొదటి నాలుగు ప్రయాణాల తర్వాత పీడన సూట్లు మానేశారు. 1986లో చాలెంజర్ అనే షటిల్ ప్రమాదం జరిగాకే నారింజ రంగు సూట్లు వచ్చాయి.

వీలైతే సోయుజ్ స్టేషన్ నుంచి విడిపోయే ముందు వీడియో కూడా చూడండి. గ్లౌజులు బిగించుకుని, హెల్మెట్ అద్దం దించి, సూట్‌ని ఉబ్బించి లీకేజీ ఉందేమో చూసుకుంటారు. చాలామంది బోర్ అని దాటేసే భాగం, నేను మాత్రం వదలను.