మై లాయ్ ఫొటోలు: జీతం సైన్యానిది, కెమెరా తనది. మరి ఫొటోలు ఎవరివి?

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్:
మా స్టూడియో కుర్రాడు నేను పంపిన పెళ్ళిలో సొంత ఫోనుతో తీసిన వీడియోలు తన ఇన్‌స్టాలో పెట్టుకున్నాడు. వాణ్ణి తిడుతుంటే రోనాల్డ్ హేబర్లీ గుర్తొచ్చాడు. అమెరికా సైన్యంలో ఫొటోగ్రాఫర్. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్ అనే ఊరికి చార్లీ కంపెనీ అనే సైనిక దళంతో వెళ్ళాడు. ఆ రోజు ఆ దళం ఊరి జనాన్ని ఊచకోత కోసింది. సైన్యమిచ్చిన కెమెరాతో తీసిన నలుపు-తెలుపు రీళ్ళు పైవాళ్ళకి అప్పజెప్పాడు. సొంత నికాన్‌తో తీసిన కలర్ రీలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. సర్వీసు అయ్యాక ఒహాయోలో క్లబ్బుల్లో స్లైడ్లు వేసి చూపించాడు. 1969 నవంబరు 20న క్లీవ్‌లాండ్ ప్లెయిన్ డీలర్ అనే దినపత్రికలో ఆ ఫొటోలు అచ్చయ్యాయి, ఆ తర్వాత లైఫ్ పత్రికకి అమ్మాడు. అమ్ముకోవచ్చా?

మాజీ హవల్దార్:
కూడదు. డ్యూటీలో ఉన్నంతసేపు మన కన్ను కూడా సర్కారుదే. మా యూనిట్‌లో బడాఖానా (అందరం కలిసి తినే విందు) ఫొటో ఇంటికి పంపాలన్నా అడిగి పంపేవాళ్ళం.

చీకటిగది:
హవల్దార్ గారూ, ఆ కలర్ రీలు కూడా అప్పజెప్పి ఉంటే ఇవాళ మనకి మై లాయ్ పేరు తెలిసేదా? 128 మంది శత్రువుల్ని చంపామని సైన్యం అప్పట్లో చెప్పుకుంది. చనిపోయింది ఊరి జనం. తర్వాత అమెరికా వాళ్ళ లెక్కే 347కి చేరింది, వియత్నాం లెక్క 504.

నీలిసిరా:
అమ్మకం సంగతి తర్వాత. ఒక ఫొటో ఉంది చూడండి. ముందు ఒక ముసలావిడ ఏడుస్తోంది, వెనక చంకలో పిల్లాడితో ఒకమ్మాయి జాకెట్టు బొత్తాం పెట్టుకుంటోంది. కాల్చబోతున్న సైనికులతో "ఆగండి" అని అరిచి ఇది తీశానని, అక్కణ్ణుంచి కదలగానే ఎం-16 తుపాకులు పేలాయని హేబర్లీయే చెప్పాడు. ఫొటో కోసం ఆగమన్న నోటికి చంపొద్దనడం రాలేదా? అదే ఉదయం హ్యూ థాంప్సన్ అనే అమెరికా సైన్యం పైలట్ హెలికాప్టర్ దించి, జనానికీ సైనికులకీ మధ్య నిలబడ్డాడు. ఇంకోటి: సైనికులు చంపుతుండగా తీసిన ఫొటోలు కొన్ని తానే నాశనం చేశానని 2009లో హేబర్లీ ఒప్పుకున్నాడు.

మాజీ హవల్దార్:
ఈ సంగతి నాకు తెలియదు. తోటివాళ్ళని పట్టించలేకపోయాడు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఒప్పుకోను మాత్రం. 1971లో శిక్ష పడింది ఆ దళంలోని అధికారి విలియం కాలీ ఒక్కడికే. ఆ ఫొటోలుంటే ఇంకెంతమంది బోనెక్కేవాళ్ళో! సర్కారు కన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రీలు దాచినందుకు కాదు, సగం చెరిపేసి మిగతా సగం అమ్మినందుకు తప్పుపడతాను.

చీకటిగది:
సగం అని మీకెవరు చెప్పారండీ? ఆయన అన్నది కొన్ని అనే. ఆ మిగిలినవే లోకాన్ని కుదిపేశాయి. దారిలో చెల్లెలి మీద పడుకుని ఉన్న పిల్లాడి ఫొటో ఒకటుంది. ఇద్దరూ పోయారనే హేబర్లీ అనుకున్నాడు. ఆ పిల్లాణ్ణి నేనే అంటూ చాలా ఏళ్ళకి ఒకాయన వచ్చి కలిశాడు. ఆ నికాన్ ఆయనకే ఇచ్చేశాడు.

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్:
కెమెరా ఇచ్చాడు, బావుంది. లైఫ్ వాళ్ళిచ్చిన డబ్బు సంగతి పొద్దున్నుంచీ అడుగుతున్నా, ఒక్కరూ మాట్లాడరేం?