రైలు బ్రిడ్జి పక్కన నడకదారి అడగడం తప్పా?

ఏటి అవతలోడు:
రేణిగుంట నుంచి అరక్కోణం పోయే లైను స్వర్ణముఖిని దాటుతుంది కదా. స్టేషను ఏటికి ఒక గట్టున, మా ఊరు ఇంకో గట్టున. ఎండాకాలం ఇసుకలో నడిచిపోతాం. వానల్లో ఏరొస్తే ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన రోడ్డు, కాజ్‌వే, మునుగుతుంది, పాసింజరు అందుకోవాలంటే రైలు బ్రిడ్జే దిక్కు. దాని మీద నడిస్తే కేసు. పక్కనే ఇనుప నడకదారి వేస్తే ఏం పోతుంది?

పాత గ్యాంగ్‌మన్:
బ్రిడ్జి మీద పక్కకు తప్పుకునే చోటు అక్కడక్కడే ఉంటుంది నాయనా, అదీ మా పనివాళ్ల కోసం. డీజిల్ ఇంజనైతే దూరం నుంచే తెలిసేది. కరెంటు బండి ఎదురుగాలిలో మీదికొచ్చేదాకా వినపడదు. రైల్వే చట్టం 147వ సెక్షన్‌లో ఆర్నెల్ల దాకా జైలు ఊరికే పెట్టలేదు.

పుత్తూరు సీజన్ టికెట్:
అన్నా, ఆయన అడిగింది పట్టాల మీద నడవనివ్వమని కాదు, కంచె వేసిన వేరే దారి. రాజమండ్రిలో 1974 నుంచి కింద రైళ్లు, పైన బస్సులు పోవడం లేదా?

పాత గ్యాంగ్‌మన్:
అది మొదటి నుంచీ రెండింటికీ లెక్కేసి కట్టిన బ్రిడ్జి. ఇక్కడ పాత పిల్లర్లకు కొత్త బరువు తగిలించాలి. ఏట్లో ఇసుక తోడేకొద్దీ పునాదుల దగ్గర లోతు పెరుగుతుంది, వరదలో నీళ్లు సుడి తిరిగి ఇంకా కోస్తాయి. వానలప్పుడు పిల్లరు మీది గీతలు చూసి స్టేషన్ మాస్టరుకు కబురు పెట్టేవాళ్లం. నీళ్లు డేంజర్ గీత దాటితే బండ్లు ఆపేస్తారు. నీకు దారి కావాల్సిన రోజే రైలు రాకపోవచ్చు!

ఏటి అవతలోడు:
నిజమే. 2021 నవంబరు వరదల్లో రాజంపేట దగ్గర పట్టాల కింది మట్టికట్టే కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. కానీ అది కొన్ని రోజులు. మా కాజ్‌వే అప్పుడు కోసుకుపోతే ఇసుక మూటలేసి వదిలేశారు, మోకాలి లోతు నీళ్లొచ్చినా ఆటో రాదు. ఎక్కేవాళ్లు తగ్గితే టికెట్లు అమ్ముడుపోవడం లేదని స్టాపు ఎత్తేస్తారు. అదీ నా టెన్షన్.

బడిపంతులు:
అడగాల్సింది రైల్వేని కాదండీ. కాజ్‌వే చోట ఎత్తు వంతెన కావాలని సర్కారుని. అది వస్తే స్టేషనుకే కాదు, ఆసుపత్రికీ పాలబండికీ దారి. నడకదారి వేశారా, అది ఉంది కదా అని వంతెన ఫైలు మూలన పడేస్తారు.

ఏటి అవతలోడు:
ఫైలు మూలన పడి చాలా రోజులైంది సార్, నడకదారి లేకుండానే.

పాత గ్యాంగ్‌మన్:
ఏమైనా అడుగు. పిల్లల్ని మాత్రం పట్టాల మీద పంపొద్దు.