రికార్డులు వెతికిన గంటలకు కూడా డబ్బు వసూలు చేయాలా?

చినుకుల ఊరు:
వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్న తెలుగువారి అభిప్రాయం కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వేరే రాష్ట్రాలవారు కూడా రాయవచ్చు.

ఇక్కడి పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1972లో ప్రజల ఓటుతో వచ్చింది. సిటీ అయినా, స్కూలు డిస్ట్రిక్టు అయినా, రాష్ట్ర శాఖ అయినా తమ దగ్గరున్న రికార్డును అడిగినవారికి చూపించాలి. కాపీలకు మాత్రం డబ్బు తీసుకోవచ్చు. సొంతంగా ఖర్చు లెక్కగట్టుకోని కార్యాలయాలకు చట్టమే ధరలు పెట్టింది: జిరాక్సు పేజీకి 15 సెంట్లు, స్కాన్ చేసిన పేజీకి 10 సెంట్లు, ఎలక్ట్రానిక్ ఫైళ్లయితే నాలుగింటికి 5 సెంట్లు. అయితే ఆ రికార్డు వెతకడానికి ఉద్యోగి వారమంతా కూర్చున్నా ఆ గంటలకు ఒక్క సెంటు కూడా అడగకూడదు.

అడగాలి అంటాను నేను. రాష్ట్ర ఆడిటర్ కార్యాలయం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. సర్వేకు జవాబిచ్చిన ప్రభుత్వ సంస్థలకు ఒక్క ఏడాదిలో 2,85,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటికి అయిన ఖర్చు 6 కోట్ల డాలర్ల పైమాటే. అడిగినవారి నుంచి తిరిగి వచ్చింది అందులో ఒక శాతం లోపు. ఆ అడిగినవారందరూ ఇరుగుపొరుగు గృహస్థులేమీ కాదు. సమాచారాన్ని పోగుచేసి అమ్ముకునే కంపెనీలున్నాయి, దావాలకు సరుకు వెతుక్కునే న్యాయవాదులున్నారు. వాళ్ల గుమాస్తా పనికి మన ఆస్తి పన్నులోంచి జీతం ఇస్తున్నాం. మొదటి కొన్ని గంటలు ఉచితంగా ఇచ్చి, ఆపైన గంటకింత అని పెడితే ఎవరికి నష్టం?

నీలిగీత:
ఎవరికి నష్టమంటే, ఫైళ్లు సరిగా పెట్టుకున్న ఆఫీసుకు. మీ పద్ధతిలో గంటలో కాగితం తీసి ఇచ్చేవాడికి రాబడి సున్నా. గోనెసంచుల్లో కుక్కి, ఏది ఎక్కడుందో తెలియక నాలుగు రోజులు వెతికేవాడికి నాలుగు రోజుల కూలి! అలసత్వానికి బోనస్ ఇచ్చే పథకం ఇది.

ఒక పాత కేసు చెబుతాను. 1997లో సియాటిల్ ఫుట్‌బాల్ స్టేడియానికి ప్రజాధనం పెట్టాలా వద్దా అని రాష్ట్రమంతా ఓటు వేయబోతోంది. ఓటింగుకు కొద్ది వారాల ముందు ఒక పౌరుడు, స్టేడియం లాభసాటి అని మీరు చూపిస్తున్న అధ్యయనాలు ఇవ్వండి అని సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రభుత్వాన్ని అడిగాడు. ఓటు అయిపోయింది. పాత స్టేడియం కూల్చేశారు, కొత్తది కట్టేశారు. కాగితాల గొడవ మాత్రం కోర్టుల్లో నలుగుతూనే ఉంది. చివరికి 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు, రికార్డుల గుంపులవారీగా లెక్కగట్టిన 8,252 రోజులకు రోజుకు 45 డాలర్ల చొప్పున 3,71,340 డాలర్ల జరిమానా వేసింది. అలాంటి కార్యాలయం చేతికి గంటల మీటరు కూడా ఇస్తే, అంత దాకా రావలసిన పనే లేదు. మొదటి వారమే ఒక అంచనా బిల్లు పంపేది, ఆయన దండం పెట్టి ఇంటికి పోయేవాడు.

ఫ్రిస్కో గాలి:
టెక్సాస్‌లో మాకు ఆ మీటరు ఉంది. అందుకే రాస్తున్నాను.

మా చట్టం 1973 నాటిది. షార్ప్స్‌టౌన్ కుంభకోణంలో పెద్దపెద్ద నాయకుల పేర్లు బయటపడ్డాక, ఆ వేడిలో వచ్చింది. ఇక్కడ 50 పేజీల లోపు అడిగితే మామూలుగా శ్రమకు డబ్బు తీసుకోరు. అది దాటితే గంటకు 15 డాలర్లు, పైన 20 శాతం నిర్వహణ ఖర్చు. బిల్లు 40 డాలర్లు దాటేలా ఉంటే ముందే పద్దులవారీగా అంచనా పంపాలి. దానికి పది పనిదినాల్లో జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

మా ఇంటి వెనక వాన నీటి కాలువ గురించి ఒక ప్రభుత్వ కార్యాలయాన్ని అడిగితే నాకు నాలుగంకెల అంచనా వచ్చింది. నేను కట్టలేదు. ఆ కాలనీలో పది ఇళ్లు కలిసి పంచుకోవచ్చు అనుకుంటే, అందరినీ ఒప్పించేలోపు గడువు దాటిపోయింది. చినుకుల ఊరు గారు, మీరు భయపెట్టాలనుకుంటున్న కంపెనీ ఆ అంచనా చూసి కార్డు గీకేస్తుంది. ఆగిపోయేది నాలాంటివాళ్లే.

చినుకుల ఊరు:
మీ చట్టంలో బిల్లు తగ్గించే వీలు కూడా ఉందిగా? ప్రజాప్రయోజనం కోసమైతే మాఫీ చేయాలని విన్నాను.

ఫ్రిస్కో గాలి:
ఉంది. అది ప్రజాప్రయోజనమా కాదా అని తేల్చేది, బిల్లు పంపిన ఆఫీసే.

పాత తహసీలు:
నేను ఆంధ్రలో రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించాను, ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను. సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్తలో మా మండల కార్యాలయానికి పౌర సమాచార అధికారిని నేనే. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డువారికి అదీ లేదు. ముప్పై రోజుల గడువు దాటితే కాపీలు కూడా ఉచితంగా ఇవ్వాలి. వెతికిన శ్రమకు ఛార్జీ అనే మాటే లేదు.

చెప్పుకోకూడదు గానీ, ఆ 5 రూపాయలతో మా ప్రాణం తీసినవాళ్లున్నారు. గ్రామం మొత్తానికి పదేళ్ల అడంగల్ కాపీలు కావాలంటారు. తీసి కట్ట కట్టి కబురు చేస్తే రారు, ఎందుకంటే పేజీకి 2 రూపాయలు కట్టాలి కదా. కొందరైతే దరఖాస్తు పెట్టి, మర్నాడు వచ్చి ‘మాట్లాడుకుందాం’ అనేవారు. 2011లో మన సుప్రీంకోర్టు కూడా ఒక పరీక్ష పేపర్ల కేసులో ఈ సంగతే అన్నది: ఉద్యోగుల్లో ముప్పావు వంతు మంది ముప్పావు వంతు సమయం సమాచారం పోగుచేయడంలోనే గడిపే పరిస్థితి దేశానికి వద్దు అని. కనుక చినుకుల ఊరు బాబు అన్నదానిలో న్యాయం లేకపోలేదు.

అయితే ఒక తేడా గమనించాను. అక్కడ ఆలస్యమైతే రోజుకు 250 రూపాయలు, 25,000 దాకా, ఆ అధికారి మీదే పడుతుంది. అంటే నా జీతంలోంచి. ఇక్కడ మూడు లక్షల డాలర్ల జరిమానా అంటున్నారు, అది ఎవరు కట్టారు? కౌంటీ. కౌంటీ డబ్బు ఎవరిది? దాచినవాడి జేబు చల్లగానే ఉంది.

నీలిగీత:
పెద్దవారు అసలు చోట వేలు పెట్టారు. దీని మీద వేరే చర్చే పెట్టాలి. ఆ సుప్రీంకోర్టు మాట గురించి మాత్రం ఒకటి. ఆ తీర్పు చివరికి విద్యార్థి వైపే వచ్చింది, జవాబు పత్రాలు చూపించమనే చెప్పింది. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం కత్తిరించి ఎన్ని తిరస్కరణ లేఖల్లో అతికించారో!

గుమాస్తా కుర్చీ:
ఈ రాష్ట్రంలోనే ఒక చిన్న స్థానిక సంస్థలో పనిచేస్తున్నాను. పేరు చెప్పను. నీటి బిల్లులు, సమావేశాల మినిట్సు, వాటితో పాటు రికార్డుల దరఖాస్తులు కూడా నా నెత్తి మీదే. ఇక్కడ ఇరువైపులా వాదిస్తున్నవాళ్లు ఈ పనిలో సమయం ఎక్కడ పోతుందో చూడలేదని నాకు అనిపించింది.

వెతకడం ఇప్పుడు అంత కష్టం కాదు. ఈమెయిళ్లలో ఒక మాట కొట్టి వెతికితే నిమిషంలో 6,000 వస్తాయి. పని అక్కడ మొదలవుతుంది. ఒక్కొక్కటీ చదవాలి. న్యాయవాదితో జరిగిన సంప్రదింపులు పక్కన పెట్టాలి. బ్యాంకు ఖాతా నంబర్లు, ఉద్యోగుల ఇంటి చిరునామాలు నల్లచేయాలి. ప్రతి నల్ల గీతకూ ఏ సెక్షన్ కింద దాచామో జాబితా రాసి ఇవ్వాలి. ఆ జాబితాలో తప్పు జరిగితే కోర్టు. దాచకూడనిది దాస్తే రోజుకు 100 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు, అవతలివారి లాయరు ఫీజు కూడా మేమే కట్టాలి. ఇవ్వకూడనిది ఇచ్చేస్తే ఎవరి జీవితమో వీధిన పడుతుంది. నా గంటలన్నీ ఈ భయంలోనే పోతాయి.

ఇప్పుడు దీనికి గంటల బిల్లు వేయమంటే ఏమవుతుంది? నేను నిదానంగా చదివితే అడిగినవాడికి ఖర్చు పెరుగుతుంది. ఆ బిల్లు ఎందుకింత అని మరో దరఖాస్తు వస్తుంది. దానికి మళ్లీ నా టైమ్ షీట్లు వెతకాలి! నేను నవ్వడం లేదు, అలాగే జరుగుతుంది.

శాసనసభ 2017లో కొన్ని మంచి మార్పులు చేసింది. మీ దగ్గరున్న రికార్డులన్నీ ఇవ్వండి అంటే ఇప్పుడు దరఖాస్తే కాదు. 24 గంటల్లో యంత్రంతో వరసగా పంపించే అర్జీలు మిగతా పనిని స్తంభింపజేస్తుంటే తిరస్కరించవచ్చు. అయిదు పనిదినాల్లో జవాబు ఇవ్వాలన్న నిబంధన ఉన్నా, ఆ జవాబు ‘ఫలానా తేదీకి మొదటి విడత ఇస్తాం’ అని కూడా కావచ్చు. పెద్ద అర్జీని విడతలుగా ఇస్తాను, మొదటి విడత ఎవరూ తీసుకోకపోతే అక్కడితో ఆపేస్తాను. నా అనుభవంలో దరఖాస్తు సన్నబడేది ఒక్క ఫోను కాల్‌తో. డబ్బుతో కాదు.

చినుకుల ఊరు:
మీ మాట విలువైనది. కానీ మీరు చెప్పినదంతా నా వాదనకే బలం. అంత నైపుణ్యం, అంత భయం ఉన్న పని ఉచితంగా ఎందుకు చేయాలి? ఆస్పత్రి రికార్డు కాపీకి డబ్బు కడతాం, కోర్టులో కాగితం వేయడానికి కడతాం.

నీలిగీత:
ఉచితం అని ఎవరన్నారు? ఆ ఫైలు తయారుచేసిన ఉద్యోగికి జీతం ఇచ్చాం, దాన్ని దాచిన సర్వరుకు అద్దె ఇచ్చాం. రెండోసారి టికెట్ కొనమంటున్నారు మీరు.

పైగా ఈ పని భారం గురించి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లలో మన శాసనసభ్యులూ ఉన్నారు. వాళ్ల ఘనకార్యం గుర్తు చేస్తాను. 2018 ఫిబ్రవరిలో, ఈ చట్టం మాకు వర్తించదు అని తమకు తామే ఒక బిల్లు రాసుకుని, సరైన విచారణ గానీ చర్చ గానీ లేకుండా 48 గంటల్లో రెండు సభల్లోనూ గట్టెక్కించారు. పత్రికలు మొదటి పేజీలో సంపాదకీయాలు వేశాయి, జనం వేలల్లో ఫోన్లు చేశారు, చివరికి గవర్నర్ ఇన్స్‌లీ వీటో చేశారు. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా శాసనసభ్యుల కార్యాలయాలకు చట్టం వర్తిస్తుందనే తేల్చింది. గంటల ఛార్జీ అనే తాళంచెవి వీళ్ల చేతుల్లో పెడదామా?

వీసా గోడ:
అంశం కొంచెం పక్కకు పోతుందేమో, క్షమించండి. నేను హెచ్1బి మీద ఉన్నాను. మా అబ్బాయి స్కూలు బస్సు మార్గం ఎందుకు మార్చారో అడగాలని ఉంది. పౌరులు కానివాళ్లు అడగవచ్చా? అడిగితే ఎక్కడైనా పేరు నమోదై వీసాకు ఇబ్బంది అవుతుందా?

గుమాస్తా కుర్చీ:
అడగవచ్చు. మా చట్టంలో పౌరసత్వం షరతు లేదు, ఈ రాష్ట్రంలో ఉండాలన్న షరతు కూడా లేదు. అన్ని రాష్ట్రాలూ ఇలా ఉండవు. వర్జీనియా తన రాష్ట్రవాసులకే ఇస్తానంటే, 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది చెల్లుతుందన్నది.

పేరు విషయం మాత్రం తెలుసుకుని ఉండండి. మీ దరఖాస్తు కూడా ఒక పబ్లిక్ రికార్డే. ఎవరు ఏమి అడిగారో చూపించమని రేపు ఇంకొకరు అడగవచ్చు, తరచూ అడుగుతారు కూడా. అది ఇష్టం లేకపోతే పేరు లేకుండా ఈమెయిల్ నుంచి పంపవచ్చు. కారణం మేము అడగకూడదు. ‘బస్సు మార్గాల గురించి ఉన్నవన్నీ’ అని రాయకండి. ఏ మార్గం, ఏ నెల నుంచి ఏ నెల దాకా, రవాణా విభాగంలో ఎవరెవరి మధ్య జరిగిన ఈమెయిళ్లు, నిర్ణయం తీసుకున్న సమావేశం నోట్స్ అని రాయండి. ఎందుకు మార్చారు అని ప్రశ్నగా రాస్తే జవాబు రాయవలసిన బాధ్యత వాళ్లకు లేదు. ఉన్న కాగితం ఇవ్వడమే వాళ్ల పని.

పాత తహసీలు:
ఇది మన దగ్గర కూడా అంతే నాయనా. ‘ఎందుకు’ అన్న దరఖాస్తుకు ‘సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క ముక్కలో రాసి పంపేవాళ్లం. ‘నోట్ ఫైలు నకలు’ అని, అంటే ఆ నిర్ణయం మీద అధికారులు ఫైల్లో రాసుకున్నది, అడిగినవాడికి మాత్రం తప్పించుకోలేకపోయేవాళ్లం. అన్నట్టు నువ్వు ఇంకా భారత పౌరుడివే కనుక ఊళ్లో పొలం సంగతులకు ఇక్కడి నుంచి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా అమ్మాయి ఇక్కడి పౌరసత్వం తీసుకుంది, ఆమెకు ఇక ఆ చట్టం కింద హక్కు లేదు, నేనే సంతకం పెట్టాలి.

చినుకుల ఊరు:
సరే, సామాన్యుడి మీద భారం వద్దంటున్నారు కనుక ఒక మెట్టు దిగుతాను. టెక్సాస్‌లో ఒకే మనిషికి ఏడాదికి 36 గంటలకు తక్కువ కాకుండా ఒక పరిమితి పెట్టుకునే వీలు కార్యాలయాలకు ఉంది, ఆపైన ఖర్చు రాబట్టుకోవచ్చు. అలాంటి పరిమితి పెట్టి, దాన్ని వ్యాపారం కోసం అడిగేవాళ్లకే వర్తింపజేద్దాం. మీరు చెప్పిన బస్సు మార్గం, కాలువ, ఇవేవీ అందులోకి రావు. ఇందులో కూడా తప్పుందా?

ఫ్రిస్కో గాలి:
మా దగ్గర ఆ పరిమితి నుంచి పత్రికలకు మినహాయింపు ఉంది. ఇక ఎవరు పత్రిక, ఎవరు కాదు అన్న తగవు మొదలు.

గుమాస్తా కుర్చీ:
చినుకుల ఊరు గారు, కారణం అడగకూడదని చట్టం చెబుతుంటే వ్యాపారమో కాదో నేనెలా తేల్చాలి? ఇప్పటికే ఒక్క చోట ఆ తేడా ఉంది. వ్యక్తుల పేర్ల జాబితాను వ్యాపారం కోసం ఇవ్వకూడదు. అందుకని జాబితా అడిగినవారితో, వ్యాపారానికి వాడను అని ఒక ధ్రువీకరణ మీద సంతకం చేయిస్తాం. నా డ్రాయరులో అలాంటివి దొంతర ఉంది. అందరూ సంతకం చేశారు, ఒక్కరు కూడా వ్యాపారం కోసమని రాయలేదు. వాటిలో ఎన్ని నిజమో కనుక్కునే పని నాకు ఎవరూ అప్పగించలేదు, అప్పగిస్తే ఆ గంటల బిల్లు ఎవరికి పంపాలో మీరే చెప్పండి.