టర్బో కారులో గాలి లీక్: ఇంట్లో చేసుకునే టెస్టర్ పనికొస్తుందా?

సండే స్పానర్:
అందరికీ నమస్కారం. నాది టర్బో డీజిల్ కారు. ఈమధ్య 2000 ఆర్‌పీఎం దాటాక పికప్ చచ్చిపోతోంది. గట్టిగా తొక్కితే వెనక నల్లపొగ, బానెట్ కింద నుంచి ఈల. స్కానర్ పెడితే పీ0299 వచ్చింది, అంటే బూస్ట్ తక్కువ. మెకానిక్ టర్బో మార్చాలంటున్నాడు. అంత ఖర్చుకి దిగే ముందు లీక్ ఉందేమో చూద్దామని. పీవీసీ క్యాపుకి టైరు వాల్వు బిగించి, దాంట్లోంచి గాలి కొట్టి లీక్ పట్టే టెస్టర్ చేస్తారట కదా, ఎవరైనా చేశారా? ప్రెజర్ ఎంత పెట్టాలి?

పాత పానా:
టర్బో జోలికి ఇప్పుడే పోకండి. ఈల, పొగ, పికప్ పోవడం మూడూ కలిసొస్తే నేను ముందు హోసుల్నే అనుమానిస్తా. ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొలిచిన గాలి దారిలో బయటికి పోతుంటే, డీజిల్ మాత్రం ఆ కొలత ప్రకారమే పడుతుంది. కాలడానికి గాలి చాలదు, అందుకే పొగ.

క్యాప్ చేయడం చిన్న పనే. ఫిల్టర్ బాక్సు నుంచి టర్బోకి వెళ్ళే రబ్బరు హోసుని సెన్సర్ దగ్గర ఊడదీసి, ఆ నోట్లో బిగుతుగా కూర్చునే క్యాప్ తీసుకోండి. మధ్యలో రంధ్రం చేసి వాల్వు పెట్టాలి. మామూలు ట్యూబ్‌లెస్ రబ్బరు వాల్వుకి 11.5 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. కానీ క్యాప్ మందంగా ఉంటే అది సరిగా కూర్చోదు, నట్టు బిగించే ఇత్తడి వాల్వే మేలు.

అసలు తిప్పలు బ్రీదర్ పైపుతో, అంటే ఇంజిన్ లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టంతో. అది చాలా కార్లలో ఈ హోసుకే కలుస్తుంది. అలాగే వదిలేసి గాలి కొడితే ప్రెజరంతా క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగు భాగంలోకి వెళ్ళి ఆయిల్ సీళ్ళని తన్నుతుంది. బ్రీదర్ ఊడదీసి హోసు వైపు మూతి మూసేయండి. ఇంజిన్ వైపు మూయకూడదు. ఆయిల్ పోసే మూత కూడా తీసి ఉంచండి.

ఇంజిన్ ఆపి, చల్లారాకే మొదలుపెట్టండి. రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్ తప్పనిసరి. 5 పీఎస్‌ఐతో మొదలెట్టి, 10 దగ్గర ఆగితే చాలు. ఎంతైనా 15 దాటొద్దు. రెండున్నర అంగుళాల క్యాప్ మీద 15 పీఎస్‌ఐ అంటే దాదాపు 33 కిలోల తోపు. ఊడితే తుపాకీ గుండే. క్యాప్ ఎదురుగా మొహం పెట్టకండి, క్లాంప్ ఉన్నా సరే.

పెట్రోల్ బాబు:
అన్నా, నాది టర్బో లేని పెట్రోల్ బండి. ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంది, స్కానర్‌లో పీ0171 వస్తోంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ పడట్లేదని. నాకూ ఇదే టెస్టరా?

పాత పానా:
మీ మేనిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టం, వ్యాక్యూమ్‌లో పనిచేసేది తమ్ముడూ, లోపలికి గాలి లాక్కుంటోంది. దానికి ఒకటి రెండు పీఎస్‌ఐ మించొద్దు, పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూసే పొగ టెస్ట్ అయితే ఇంకా సులువు. డబ్బాలో నూనె కాల్చి పొగ చేసే వీడియోలు చూసి ఇంట్లో మొదలెట్టకండి, మేనిఫోల్డ్‌లో పెట్రోల్ ఆవిరి ఉంటుంది. ముందు బ్రేక్ బూస్టర్ హోసు తడిమి చూడండి.

సండే స్పానర్:
చేశాను పానా గారూ. కానీ ప్రెజర్ నిలవట్లేదు. ఎగ్జాస్ట్ పైపులోంచి సన్నగా గాలి వస్తోంది. ఇదేనా లీక్?

పాత పానా:
కాదు. ఏదో ఒక సిలిండర్లో వాల్వులు తెరిచి ఉంటాయి, కొంత గాలి అటే పోతుంది. క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి, ఇంజిన్ తిరిగే దిక్కులోనే కొంచెం తిప్పి చూడండి. చెవితో వెతక్కండి, ఈ చప్పుడులో మోసపోతారు. సబ్బు నీళ్ళు స్ప్రే చేయండి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) హోసుల్లో ఆయిల్ చెమ్మ ఎక్కడ కనిపిస్తే అక్కడ ముందు. పైన కాదు, కింది వైపు.

సండే స్పానర్:
దొరికింది! ఇంటర్‌కూలర్ వేడి వైపు, అంటే టర్బో నుంచి వచ్చే హోసు, క్లాంప్ అంచు దగ్గర అడుగున చీలిక. వేళ్ళతో వంచితే తప్ప కంటికి ఆనట్లేదు, నురగ మాత్రం పుట్టలా లేచింది. టేపు చుడితే కొన్నాళ్ళు ఆగుతుందా?

పాత పానా:
ఆగదు. వేడికి, ఆయిల్‌కి టేపు జారిపోతుంది. హోసు మార్చేయండి. కొత్తది ఎక్కించే ముందు పైపు మూతిని బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు లేకుండా తుడవాలి, లేకపోతే మొదటి ఎత్తు ఎక్కేటప్పుడే ఊడొస్తుంది. బ్రీదర్ తిరిగి తగిలించారో లేదో చూసుకుని స్టార్ట్ చేయండి.