అప్‌డేట్: బ్లూ జేలు (నీలిరంగు అమెరికా పిట్టలు) గూడు వదిలేయలేదు, పిల్లలొచ్చేశాయి!
పోయిన నెల అడిగాను కదా, డల్లాస్‌లో మా పెరటి ఓక్ చెట్టు మీద గూడు కట్టిన బ్లూ జేలు, అంత గోల చేసేవి, ఉన్నట్టుండి సైలెంట్ అయిపోయాయి, వదిలేసి వెళ్ళిపోయాయా అని. లేదండీ! గూడు దగ్గర కావాలనే గమ్మునుంటాయట. మీరన్నట్టే దగ్గరికెళ్ళకుండా కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో చూశా, ఆడది గుడ్ల మీంచి కదలట్లేదు, మగది మేత తెస్తే రెక్కలు వణికిస్తూ పసిపిల్లలా నోరు తెరుస్తోంది. దాదాపు 17 రోజులకి నాలుగు పిల్లలు, ఒంటి మీద ఈక లేదు, కళ్ళూ తెరవలేదు పాపం. నిన్న పిల్లి గోడెక్కితే రెండూ కలిసి అరుస్తూ తల మీదకే దూకాయి. అమ్మ వీడియో కాల్‌లో చూసి పాలపిట్ట అనుకుంది, ఇది కాకి కుటుంబం అమ్మా అన్నా. ఇంకో మూడు వారాల్లో ఎగిరిపోతాయి, అప్పటిదాకా గూడున్న ఆ కొమ్మ కొట్టించను.