మగ్గం గుంటలో ముప్పై ఏళ్లు, నడుము నొప్పి మూడేళ్లు: ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా?

గట్టుప్పల్ నేతకారుడు:

అందరికీ నమస్కారం. మాది గట్టుప్పల్. నాకు 46 ఏళ్లు. పదహారో ఏట మా నాయన పక్కన గుంట మగ్గంలో కాళ్లు పెట్టిన నాటి నుంచి నేతే నా పని. మూడేళ్ల క్రితం మగ్గానికి పడుగు (నిలువు దారాలు) ఎక్కిస్తూ వంగినప్పుడు నడుములో ఏదో పట్టేసినట్టయి, వారం రోజులకు తగ్గింది. తర్వాత ఏడాదికి మూడు నాలుగు సార్లు వచ్చి పోయేది. గత దసరా నుంచి మాత్రం రావడమే గాని పోవడం లేదు. పొద్దున లేచి చెంబు అందుకోవాలంటే ముందు గోడ పట్టుకోవలసి వస్తోంది. గుంటలో అరగంట కూర్చుంటే ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా నరం గుంజుతుంది, మడమ వెలుపలి వైపు తిమ్మిరెక్కుతుంది. లేచి నాలుగు అడుగులు వేస్తే కొంత సర్దుకుంటుంది.

ఇప్పటి దాకా చేసినవన్నీ దాచకుండా చెబుతాను. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే రెండు సూదులతో మూడు రోజులు హాయిగా ఉండేది, నాలుగో రోజు మళ్లీ మొదటికే వచ్చేది. మా అమ్మ మాట కాదనలేక, ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లవాడితో నడుము తొక్కించుకున్నాను. మొదటిసారి ఏమీ కాలేదు, రెండోసారి తొక్కించిన రాత్రి కాలు కింద పెట్టలేకపోయాను. బెల్టు కొన్నాను. నొప్పి గోళీలు ఏడాదిగా వారానికి నాలుగైదు రోజులు వేసుకుంటున్నాను. బీపీ గోళీ ఎలాగూ రోజూ ఉంది.

నెల క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ తీశారు. ఎల్‌5-ఎస్‌1 దగ్గర, అంటే నడుము అడుగున, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బి ఎడమ నరాన్ని తాకుతోందని రిపోర్టులో రాశారు. డాక్టర్ గారు నన్ను మంచం మీద పడుకోబెట్టి చూసింది లేదు. ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, ఆపరేషన్ చేయాలి, లక్షా ఎనభై వేలు అవుతుంది, ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయి అన్నారు. మా మామగారు ఆయుర్వేదంలో కటి వస్తి (నడుము మీద గోరువెచ్చని నూనె నిలిపే చికిత్స) చేయించుకోమంటున్నారు. ఇంకొక సందేహం కూడా మనసులో తొలుస్తోంది: మా పక్క ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు బిగుసుకుపోయిన పెద్దవాళ్లను చిన్నప్పటి నుంచి చూశాను. నాదీ అదేనేమో ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నల్లగొండ ఫిజియో:

అన్నగారూ, నల్లగొండలో పద్నాలుగేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా రాస్తున్న మాటలు కనుక దీన్ని చికిత్సగా కాక, డాక్టరును ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి చదవండి.

ముందుగా భయం సంగతి. ఆలస్యం చేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి: మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, రాత్రయితే రాత్రే. నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా ఆగని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ వంటివి చూడాలి. మీరు రాసినదానిలో ఇవేవీ లేవు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి: పది అడుగులు మడమల మీద, పది అడుగులు మునివేళ్ల మీద నడవండి. మీకు తిమ్మిరి ఉన్న చోటును బట్టి మునివేళ్ల నడక ముఖ్యం. కుడి కాలితో సమానంగా ఎడమ మడమ లేస్తే నరం ఇంకా బలంగానే ఉందని అర్థం.

ఎంఆర్‌ఐ గురించి మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది "నడుములో గ్యాప్ వచ్చిందట" అంటూ ఫిల్ము కవరు ముందు పెడతారు. నడుము నొప్పే లేని వారిని స్కాన్ చేసినా ఇరవై ఏళ్ల వారిలో సుమారు 30 శాతం మందికి, యాభై ఏళ్ల వారిలో 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. కనుక ఫిల్ము ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. ఫిల్ములో నొక్కుకున్న నరమూ, కాలిలో నొప్పి దిగే దారీ ఒకటే అయినప్పుడే ఆ ఫిల్ముకు విలువ. మీ విషయంలో రెండూ కలుస్తున్నాయని ఒప్పుకుంటాను. కానీ పడుకోబెట్టి కాలు ఎత్తి చూడకుండా, మోకాలి మీద, మడమ వెనుక సుత్తితో కొట్టి చూడకుండా ఆ మాట చెప్పడం నాకు నచ్చలేదు.

ఇక ఆపరేషన్. అది కాలి నొప్పికి పనిచేసినట్టు నడుము నొప్పికి పనిచేయదు. 2007లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలు గుంజుతున్న వారిని రెండు జట్లుగా చేశారు. వెంటనే ఆపరేషన్ చేయించుకున్న వారికి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగిన జట్టులో ఏడాదిలోపు 39 శాతం మంది మాత్రమే కత్తి దాకా వెళ్లారు. అయితే మీ కాలి నొప్పి అంతకంటే పాతది కాబట్టి ఆ లెక్కను మీకు పూర్తిగా అతికించలేను. నాలుగు నుంచి పన్నెండు నెలలుగా బాధపడుతున్న వారిపై 2020లో కెనడా నుంచి వచ్చిన అధ్యయనంలో, ఆరు నెలలు గడిచేసరికి ఆపరేషన్ జట్టుకే కాలి నొప్పి ఎక్కువగా తగ్గింది. అంటే ఆపరేషన్ అన్నవారు తప్పు మాట అనలేదు. "ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయి" అన్న తొందరే తప్పు. మీరు ఒక్కసారైనా సరైన వ్యాయామ చికిత్స ఆరు వారాలు చేయలేదు. అది చేసి చూసి, కాలు అప్పటికీ వదలకపోతే ఆపరేషన్ మాట నిబ్బరంగా ఆలోచించవచ్చు.

బెల్టు, ట్రాక్షన్ (బరువులతో నడుమును లాగడం) విషయంలో చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ప్రత్యేక కారణమేదీ లేని దీర్ఘకాలిక నడుము నొప్పికి ఈ రెండూ వాడవద్దనీ, వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. నడుములోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో కాలి నొప్పి కొన్ని వారాలు తగ్గుతుంది. ఆ వారాల్లో వ్యాయామం చేయగలిగితేనే దానికి పెట్టిన ఖర్చుకు విలువ. కటి వస్తి వెచ్చదనానికి కండరాలు సడలుతాయి, దానికి అభ్యంతరం లేదు. డిస్కు లోపలికి పోతుందని మాత్రం ఎవరైనా అంటే నమ్మకండి. తొక్కించుకోవడం ఇక వద్దు. అమ్మగారికి నా పేరు చెప్పండి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది మీ గోళీల సంగతి. బీపీ ఉన్న మనిషి ఏడాది పాటు వారానికి నాలుగైదు రోజులు డైక్లోఫెనాక్ వంటివి వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, బీపీ పెరుగుతుంది, కడుపులో పుండు పడుతుంది. ఈ వారమే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

మర్రిగూడ మాస్టారు:

బాబూ, నేను మర్రిగూడ పక్కన ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. నీ చివరి ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మిగతా వాటికి నాకంటే తెలిసినవారు ఉన్నారు.

మన ప్రాంతంలో నడుము నొప్పి అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడం సహజమే. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. మా బోరుబావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) రూపొందిస్తే, దానికి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అని పేరు వచ్చింది. మన జిల్లా పేరు దేనితో నిలిచిందో చూడు.

ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఉన్నవారి నడుముకూ నీ నడుముకూ తేడా ఉంది. వారిది ఒక కాలిలోకి దిగే గుంజుడు కాదు. ఏళ్ల తరబడి ఎముకలో, ఎముకలను పట్టి ఉంచే కండరబంధాల్లో ఫ్లోరైడ్ చేరి వెన్ను మొత్తం కర్రలా బిగుసుకుంటుంది, మెడ తిరగదు, భుజాలు లేవవు. మా బడికి సర్వేకు వచ్చిన ఆరోగ్య సిబ్బంది మూడు పనులు చేయించేవారు: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనుకకు చేర్చడం. నీకు నొప్పి వల్ల మొదటిది రాకపోవచ్చు; మిగతా రెండూ సులువుగా వస్తే ఫ్లోరోసిస్ అనుమానం చాలావరకు తగ్గినట్టే. అప్పటికీ సందేహం ఉంటే ముంజేతి ఎక్స్‌రే తీయించు. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించడం దాని గుర్తు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది. పళ్ల మీద గోధుమరంగు చారలు ఉంటే, చిన్నప్పుడు పళ్లు ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగావన్నదానికే అవి గుర్తు. ఇప్పటి నొప్పికి అవే సాక్ష్యం కాదు.

ఎముకలో చేరినదాన్ని తీసేసే మందు లేదు. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా రాని రోజున బోరు నీళ్లు వంటకు వాడే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది, అది మానుకోండి.

జడ్చర్ల ఇల్లాలు:

అన్నా, నాకు ఆపరేషన్ అయి రెండేళ్లయింది కాబట్టి నా సంగతి చెబుతాను. నాటు వేసే రోజుల్లో వంగి వంగి మొదలైన నొప్పి నాది. ఒకరోజు బస్సు ఎక్కబోతే కుడి పాదం మెట్టుకు తట్టి ముందుకు పడ్డాను. అప్పుడు చూసుకుంటే బొటనవేలు పైకి లేవడం లేదు. అలా కాలి బలం తగ్గింది కాబట్టే డాక్టర్లు ఆగవద్దన్నారు, నేనూ ఆగలేదు. ఆపరేషన్ మరునాడే కాలి మంట పోయింది. పాదం పూర్తిగా లేవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నడుము నొప్పి మాత్రం ఇప్పటికీ ఉంది. వరి కోతల తర్వాత రెండు రోజులు పడుకోవలసిందే. ఆపరేషన్‌తో అంతా పోతుందని నాతో ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను.

డబ్బు విషయం: రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద అవుతుందేమో, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి, కుటుంబానికి పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. లక్షా ఎనభై వేలకు అప్పు చేసే ముందు హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనో, నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలోనో రెండో మాట తీసుకోండి. నేను ముగ్గురికి చూపించాను. ముగ్గురూ పడుకోబెట్టి చూశారు.

పుట్టపాక మగ్గం:

తమ్మీ, మాదీ అదే వృత్తి. దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే ఆడవాళ్ల భుజాల బాధకు ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు యంత్రం కనిపెట్టారు. గుంటలో కూర్చునే వాడి నడుముకు మాత్రం యంత్రం లేదు, మనమే చూసుకోవాలి. నేను కూర్చునే పలకను నాలుగు వేళ్లు ఎత్తు పెంచి, వెనుక వైపు ఒక చెక్క ముక్క పెట్టి ముందుకు కొద్దిగా వాలేలా చేశాను. దాంతో మోకాళ్లు తుంటి కంటే కిందికి వస్తాయి, నడుము దానంతట అదే నిటారవుతుంది. అడ్డదారం తీసుకుపోయే నాడె కోసం ముందుకు వంగే దూరం కూడా తగ్గింది. నాడెలో ఒక కండె (దారం చుట్టిన పుల్ల) అయిపోగానే లేవడం రెండోది. కండె మార్చడానికి ఎలాగూ చెయ్యి ఆగుతుంది కదా, ఆ నిమిషంలో గుంట నుంచి పైకి వచ్చి నడుమును వెనక్కి వంచు. రోజుకు మూర తక్కువ దిగుతుంది, నిజమే.

గట్టుప్పల్ నేతకారుడు:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మునివేళ్ల మీద రెండు మడమలూ సమానంగానే లేచాయి. మాస్టారు చెప్పిన మూడు పనుల్లో వెనుక రెండూ తేలికగా వచ్చాయి; అయినా మనసు ఒప్పక ముంజేతి ఎక్స్‌రే తీయించాను, అందులో ఏమీ లేదన్నారు. క్రియాటినిన్ మాత్రం ఉండవలసిన దానికంటే కొంచెం ఎక్కువ వచ్చింది. నొప్పి గోళీలు ఆ రోజే మానిపించి, బీపీ గోళీ మార్చి, నెలకు మళ్లీ పరీక్ష చేయమన్నారు, రెండోసారి తగ్గింది. ఈ సంగతి ఇక్కడ అడగకపోతే నడుము చూసుకుంటూ మూత్రపిండాలు పోగొట్టుకునేవాణ్ణి.

నల్లగొండలో రెండో డాక్టర్ గారు కాలు ఎత్తి, సుత్తితో కొట్టి, సూదితో గుచ్చి ఇరవై నిమిషాలు చూశారు. ఆపరేషన్ ఇప్పుడే అవసరం లేదు, మూడు నెలలు వ్యాయామం చేసి రండి, కాలు బలం తగ్గితే మాత్రం ఆ రోజే రండి అన్నారు. పొద్దున ఇరవై నిమిషాలు వ్యాయామం, సాయంత్రం చెరువు కట్ట మీద నడక. మొదటి పది రోజులు నొప్పి పెరిగింది, మానేద్దామనుకున్నాను. ఇప్పుడు గుంజుడు పిక్క దాకా దిగడం లేదు, తొడ దగ్గరే ఆగుతోంది. నొప్పి అలా పైకి జరగడం మంచి గుర్తేనని ఫిజియో గారు అన్నారు. నడుము నొప్పి సగం ఉంది. చెంబుకు గోడ పట్టుకోవడం మాత్రం తప్పింది.

పుట్టపాక అన్నా, పలక ఎత్తు పెంచాను. నాలుగు వేళ్లు నాకు ఎక్కువయింది, పాదాలు కింది తొక్కుడు పలకలకు సరిగా అందక రెండు వేళ్లకు తగ్గించాను. కండె కండెకూ లేస్తుంటే మా ఆవిడ నవ్వుతోంది. ఒక చీర రోజున్నర ఆలస్యంగా దిగుతోంది, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ సణుగుతున్నాడు; ఆయనకు ఏం చెబితే బాగుంటుందో నీకు తెలిస్తే రాయి.