ఆరు నెలలకే ఆగిపోయిన విండోస్ కీ: కొనేముందు అసలుదో కాదో తెలుసుకోవడం ఎలా?

సందేహం (మిర్యాలగూడ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మిర్యాలగూడలో చిన్న జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతున్నాను. రైసుమిల్లుల బిల్లు పుస్తకాల పని ఎక్కువగా వస్తుంది. దుకాణంలోని అసెంబుల్డ్ కంప్యూటరుకు ఆన్‌లైన్‌లో 499 రూపాయలు పెట్టి విండోస్ 11 ప్రో కీ (విండోస్‌ను యాక్టివేట్ చేసే కోడ్) కొన్నాను. జీవితాంతం పనిచేస్తుందన్నారు. కీతో పాటు కమాండ్ ప్రాంప్ట్‌లో టైపు చేయమని మూడు లైన్లు కూడా వాట్సాప్‌లో పంపారు. వెంటనే యాక్టివేట్ అయింది. ఆరు నెలలు దాటాక మొన్న మళ్లీ యాక్టివేట్ చేయమని తెర మూలన హెచ్చరిక వచ్చింది. అమ్మినవారు ఫోను ఎత్తడం లేదు. మరొకరు 800కు ఇస్తామంటున్నారు. అది అసలుదో కాదో ముందే తెలుసుకునే దారి ఉందా?

జవాబు (నల్లగొండ నుంచి)

తమ్ముడూ, నేను కంప్యూటర్ల మరమ్మతు చేస్తాను. ఇదే బాధతో నా దగ్గరకు వచ్చేవారికి ముందుగా చెప్పేది ఒకటే: కీ యాక్టివేట్ అయినంత మాత్రాన అది న్యాయంగా అమ్మిన కీ అయిపోదు.

మీకు పంపిన లైన్లను ఒకసారి తీసి చూడండి. వాటిలో ఎస్‌కేఎంఎస్ అనే అక్షరాలు, వాటి పక్కన ఏదో సర్వరు చిరునామా ఉంటే సంగతి అక్కడే తేలిపోతుంది. పెద్ద సంస్థలు తమ కంప్యూటర్లన్నింటినీ సొంత సర్వరుతో యాక్టివేట్ చేసుకునే కేఎంఎస్ అనే పద్ధతి అది. దాని గడువు 180 రోజులే కాగా, కంప్యూటరు ఏడు రోజులకోసారి ఆ సర్వరును అడిగి గడువును పొడిగించుకుంటూ ఉంటుంది కనుక, అమ్మినవారు సర్వరును ఎత్తేసిన నాటి నుంచి ఆ గడువు కరిగిపోతూ వచ్చి చివరకు మీకు హెచ్చరిక కనిపించింది.

దీన్ని మీరే నిర్ధారించుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్ అనే ఐదు ఇంగ్లిషు అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, డీఎల్ఐ అని కొట్టండి. వచ్చే చిన్న పెట్టెలో కీలోని చివరి ఐదు అక్షరాలతో పాటు అది రిటైల్ (విడిగా అమ్మేది), ఓఈఎం (కంప్యూటరు తయారీదారు వేసి ఇచ్చేది), వాల్యూమ్ (సంస్థలకు మొత్తంగా ఇచ్చేది) అనే మూడింటిలో ఏ ఛానల్‌దో, అంటే ఏ అమ్మకపు దారిలో వచ్చినదో ఉంటుంది. ఒంటరి దుకాణదారుకు అమ్మిన కీ వాల్యూమ్ అని కనిపిస్తే అది సంస్థల కోసం ఉద్దేశించినదే, మీకు విడిగా అమ్మాల్సినది కాదు. వాటిలో ఎంఏకే రకం (ఒకే కీతో చాలా కంప్యూటర్లను యాక్టివేట్ చేసేది) శాశ్వతంగా యాక్టివేట్ అయినట్టే చూపిస్తుంది, కాని మైక్రోసాఫ్ట్ గుర్తించిన రోజున ఆపేయవచ్చు.

కొనకముందు కీని పరీక్షించలేం, అమ్మేవారిని పరీక్షించగలం. జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే వారి పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతికి, పేరు, చిరునామా సరిపోయాయో లేదో చూడండి. తెలంగాణలో నమోదైతే ఆ నంబరు 36తో మొదలవుతుంది. కీని చెక్ చేసి చెబుతామనే సైట్లలో మాత్రం మీ కీని టైపు చేయవద్దు.

దుకాణం కాబట్టి ఇంకో మాట. నకలు అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

మళ్లీ మిర్యాలగూడ నుంచి

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. పెట్టెలో వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని ఉంది. పోయిన డబ్బు తిరిగి వచ్చే దారి ఉందా? ఇంట్లో ఒక పాత బ్రాండెడ్ ల్యాప్‌టాప్ కూడా ఉంది. దానికీ కీ కొనాలా?

జవాబు

డబ్బు విషయంలో చెల్లింపు రసీదు, వాట్సాప్ సంభాషణ, ఆ పెట్టె ఫోటో దగ్గర పెట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930కి, వినియోగదారుల సహాయం కోసం 1915కి ఫోను చేయండి. అవసరమైతే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు.

ల్యాప్‌టాప్ విండోస్ 8తోనో ఆ తర్వాతి విండోస్‌తోనో వచ్చి ఉంటే దాని కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. దానితో వచ్చిన ఎడిషన్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి నెట్‌కు కలిపితే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. అందుకని దానికి కీ కొనకండి, ముందు ఇది చేసి చూడండి.